మైల ఎవరిది, పరిశుద్ధత ఎవరిది?
ఒక మాట చుట్టూ మాదిగ క్రైస్తవుల చరిత్ర

నేను అయిదో తరగతిలో ఉండగా మా సంఘంలో సండేస్కూలు చెప్పే అన్న ‘పరిశుద్ధత అంటే ఏమి?’ అని వరసగా పిల్లల్ని అడిగినాడు. వాక్యం కంఠస్థం చేసినోళ్లు వాక్యం అప్పజెప్పినారు. నా వంతు వచ్చేసరికి నాకు ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు. ‘సచ్చిన గొడ్డు తినకుండా ఉండేది’ అన్నాను. పిల్లలంతా పక్కున నవ్వినారు. అన్న నవ్వలేదు, తప్పని కూడా చెప్పలేదు. పక్క పిల్లోన్ని అడిగినాడు.

ఆ జవాబు నా సొంతం కాదు, మా అవ్వది. ఆమెకు చదువు లేదు. పరిశుద్ధత అనే మాట ఆమె నోట్లో ఎప్పుడూ ఒకే అర్థంతో ఉండేది: ‘మా నాయన పరిశుద్ధుడైనంక సచ్చిన గొడ్డు ముట్టలేదు, తమటె ముట్టలేదు.’ యూనివర్సిటీకి వచ్చి మిషనరీల పుస్తకాలు చదవడం మొదలుపెట్టినాక నాకు అర్థమైంది ఏమంటే, మా అవ్వ చెప్పింది వేదాంతం కాదు, చరిత్ర. ఆ చరిత్రను వేదాంత గ్రంథాలూ రాయలేదు, ఆధిపత్య కులాల చరిత్రకారులూ రాయలేదు. వేదాంతులకు అది చిన్న విషయం. చరిత్రకారులకు అది ‘మతమార్పిడి’ అనే ఒక్క మాటతో అయిపోయే విషయం. ఈ వ్యాసంలో ఆ మాటను కొంచెం విప్పి చూడాలని నా ప్రయత్నం.

మాది రొళ్ల మండలం. ఒకప్పుడు అనంతపురం జిల్లా మడకశిర తాలూకా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆంధ్ర పటంలో కర్ణాటకలోకి పొడుచుకుని పోయిన మూల అది. సంతలో కన్నడం, ఆఫీసులో తెలుగు, ఇంట్లో రెండూ. రెండు భాషల మధ్య పెరిగినోళ్లకు ఒక లాభం ఉంది. తిట్టు ఏ భాషలో ఎట్లా పుట్టిందో కనిపెట్టొచ్చు. కన్నడంలో ‘హొలె’ అంటే మైల, అంటు, ముట్టు. ‘హొల’ అంటే పొలం. మరి ‘హొలెయ’ అనే కులం పేరు పొలం నుంచి వచ్చిందా, మైల నుంచి వచ్చిందా అని పండితులు వాదించుకున్నారు. వాదం ఎటు తేలినా మా గేరి జనానికి తేడా లేదు. పొలంలో చాకిరీ చేసేవాని పేరూ మైల పేరూ పండితుడికే విడదీయరానంతగా కలిసిపోయినాయంటే ఊరు చేసిన పని అదే. దీనికి ఎదురుగా ‘మడి’ ఉంది. మడి అంటే శుద్ధి, మడి అంటే నీళ్లు పారే పొలం కూడా. మడికట్టు రెండు అర్థాల్లోనూ మనది కాదు.

ఇట్లాంటి ఊర్లలోకి ‘పరిశుద్ధత’ అనే మాట వచ్చింది. ఆ మాటకు క్రైస్తవ సిద్ధాంతంలో ఉన్న అర్థం ముందు చెప్పుకోవాల. మనిషి విశ్వాసం వల్ల దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎంచబడతాడు, అది మొదటిది. ఆ తర్వాత బతికినంత కాలం పరిశుద్ధాత్మ ఆ మనిషిని లోపలి నుంచి మార్చుకుంటూ పోతాడు, దాన్నే పరిశుద్ధపరచబడటం అంటారు. దీని మీద క్రైస్తవుల్లోనే తగాదాలున్నాయి. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అని లూథర్ చెప్పినాడు. ఈ బతుకులోనే ప్రేమలో సంపూర్ణుడు కావచ్చని పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ వెస్లీ చెప్పినాడు. కతోలికులు సంస్కారాల ద్వారా వచ్చే కృప అంటారు. ఎవరేమన్నా ఒక్క విషయంలో ఒప్పుకుంటారు: అది లోపలి పని, ఆత్మ చేసే పని. పుట్టుకతో సంబంధం లేదు.

ఇంకా వెనక్కి పోతే హెబ్రీ భాషలో ఈ మాటకు మూలం ‘ఖదోష్’. దానికి వేరుచేయబడినది, ప్రత్యేకంగా పెట్టబడినది అని అర్థం. ఇక్కడ నేను చాలా రోజులు ఆగిపోయినాను. వేరుచేయబడటం మా జనానికి కొత్త కాదు. ఊరికి తూర్పునో దక్షిణాననో గేరి వేరు, బావి వేరు, చావిడి దగ్గర నిలబడే చోటు వేరు. ఊరు వేరుచేస్తే వెలి, దేవుడు వేరుచేస్తే పరిశుద్ధత! ఒకే కదలిక, చేసేవాడు మారినాడు. పౌలు కొరింథు సంఘానికి రాస్తూ వాళ్లను ‘పరిశుద్ధులు’ అని పిలుస్తాడు. అదే పత్రికలో వాళ్ల తగాదాలనూ, వ్యభిచారాన్నీ, బీదవాళ్లు ఆకలితో ఉండగా బల్ల దగ్గర ఉన్నోళ్లు కడుపునిండా తినడాన్నీ తిడతాడు. అంటే నడత బాగుండి పరిశుద్ధులు కాలేదు, పిలవబడి అయినారు. హెబ్రీయులకు రాసిన పత్రిక పదమూడో అధ్యాయం ఇంకో అడుగు ముందుకు పోతుంది. ప్రజల్ని పరిశుద్ధపరచడానికే యేసు ఊరి గవిని బయట చనిపోయినాడనీ, మనమూ ఆ నింద మోస్తూ పాళెం బయటికే పోదామనీ దాని భావం. ఊరి బయట బతికేవాడు ఆ అధ్యాయం చదివితే ఎట్లా వినపడుతుందో ఊరి నడిమధ్యన ఉండేవాడికి తెలియదు.

ఎంగిలి తగాదా

అయితే మా సీమకు క్రైస్తవం మొదట వచ్చింది గవిని బయటికి కాదు. ప్రొటెస్టెంట్లకు నూరేళ్ల ముందే, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో, ఫ్రెంచి జెసూట్లు ‘కర్ణాటక మిషన్’ పేరుతో పుంగనూరు, చిక్కబళ్లాపురం దిక్కు నుంచి అనంతపురం సీమ దాకా తిరిగినారు. మధురలో రాబర్ట్ డి నొబిలి వేసిన దారిలో నడిచినారు. కాషాయం కట్టినారు, మాంసం మానినారు, సన్యాసుల మాదిరి బతికినారు. పరయ, మాల, మాదిగ జనంతో నలుగురి ఎదుట కలవకుండా జాగ్రత్తపడినారు. కలిస్తే రెడ్లు, బ్రాహ్మలు దగ్గరికి రానీయరని వాళ్ల లెక్క. అంటే పరిశుద్ధతను బోధించడానికి వచ్చినోళ్లు ముందుగా మడి కట్టుకున్నారు.

దీని మీద రోములో పెద్ద రచ్చ జరిగింది. 1704లో పోపు పంపిన టూర్నన్ అనే ప్రతినిధి పాండిచ్చేరిలో ఒక ఆజ్ఞ ఇచ్చినాడు. చర్చి చరిత్రలో దాన్ని ‘మలబారు ఆచారాల వివాదం’ అంటారు. ఆ ఆజ్ఞలో ఉన్న అంశాలు చూస్తే మనకు రోము కనపడదు, మన ఊరే కనపడుతుంది. బాప్తిస్మ సంస్కారంలో గురువు తన ఉమ్మి తీసి బిడ్డ చెవులకూ ముక్కుకూ రాయడం కతోలిక ఆచారం. ఇక్కడి జెసూట్లు దాన్ని మానేసినారు. ఎందుకు? ఉమ్మి అంటే ఎంగిలి, అగ్రకులం వాళ్లు ఓర్చుకోరు. మానకూడదని టూర్నన్ అన్నాడు. ముట్టులో ఉన్న స్త్రీకి సంస్కారాలు నిరాకరించకూడదన్నాడు. స్నానం ఒంటి మురికి పోవడానికి చేసుకోవచ్చు గాని మడి కోసం చేయకూడదన్నాడు. జబ్బుపడ్డ పరయ క్రైస్తవుని ఇంటికి గురువు పోవాల, వాణ్ని గుడి దాకా మోసుకురమ్మని అనకూడదన్నాడు. క్రైస్తవ వాద్యగాళ్లు అన్యదేవతల పండగల్లో వాయించకూడదని కూడా అందులో ఉంది. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నలభై ఏళ్లు ఈ తగాదా సాగింది. 1744లో పోపు పదునాల్గవ బెనెడిక్టు దాన్ని ముగించినాడు. ఆ ముగింపులో జెసూట్లు ఇచ్చిన హామీ ఒకటుంది: పరయల కోసమే ప్రత్యేకంగా కొందరు గురువుల్ని పెడతామని. మైలపడే గురువులు వేరు, మైలపడని గురువులు వేరు. సంస్కారం ఒకటే, అందించే చెయ్యి రెండు. మనవాళ్లు ‘క్రైస్తవంలో కులం ఎప్పుడు దూరింది?’ అని అడుగుతుంటారు. దూరడం కాదు, మా దిక్కున అది తలుపు దగ్గర నిలబడి స్వాగతం చెప్పింది.

తోళ్ల వ్యాపారి, మూడు షరతులు

మాదిగలు తమంతట తాము కదిలిన చరిత్ర ఒంగోలు సీమది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరినాడు. కాని ఉద్యమం ఆయన మొదలుపెట్టలేదు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య మొదలుపెట్టినాడు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి. యేసు పేరు వినకముందే ఆయన సత్యాన్వేషి. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు. తోళ్ల బేరం మీద ఉత్తరాదికి పోయినప్పుడు మిషనరీల మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ ఆయన ఊరికి పోయేసరికి జనం సిద్ధంగా ఉన్నారు, 28 మంది బాప్తిస్మం పొందినారు. వీరబ్రహ్మంగారి శిష్యుల్లో కక్కయ్య మాదిగ అని అందరికీ తెలిసిందే. కులం లేని శుద్ధి కోసం మాదిగల వెతుకులాట మిషనరీల కంటే పాతది. పేరయ్య ఆ దారిలో వచ్చిన మనిషి. మిషన్ చరిత్రలు ఆయన్ని ‘మొదటి ఫలం’ అని రాస్తాయి. చెట్టు ఎవరిదో రాయవు.

అదే కాలంలో అగ్రకులాల వాళ్లు కొందరు క్లౌ బడి వైపు, బోధ వైపు వస్తున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని చెప్పినారు. క్లౌ, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథు పత్రికలోని ఒకే భాగం, దేవుడు లోకంలో నీచులైనవారిని ఎన్నుకున్నాడనే భాగం కనపడిందని ఆయన స్వీయచరిత్రలో ఉంది. మాదిగల్ని చేర్చుకున్నారు. మిగతావాళ్లు పోయినారు.

చేరినవాళ్లకు మూడు షరతులు పెట్టినారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను మొక్కకూడదు. మా అవ్వ వేదాంతమంతా ఈ మూడే. మామూలుగా చదివితే ఇవి మూడు నిషేధాలు, నడత నియమాలు. కాని ఊరి లెక్కలో పెట్టి చదవాల.

మాదిగ ఊరికి చేసే పని ఏమిటి? చచ్చిన పశువును ఈడ్చుకుపోవాల. తోలు తీసి ఊనాల. కపిల బానలు, చెప్పులు, మోకులు ఇయ్యాల. జాతరకు, చావుకు, చాటింపుకు తప్పెట కొట్టాల. అధికారి వస్తే మూట మోయాల. ఇదంతా వెట్టి. దీనికి కళ్లంలో మేర కింద ఇన్ని గింజలు, చచ్చిన గొడ్డు మీద హక్కు. హక్కు అని ఎందుకంటున్నానంటే ఊరు దాన్ని అట్లాగే లెక్కేసేది: కూలిలో కొంత గింజ, కొంత కుళ్లు. ఆ కుళ్లు తిన్నందుకే నువ్వు మైల అంటారు. మైల కాబట్టి ఆ పని నీదే అంటారు. ఈ గుండ్రం ఎక్కడా తెగదు.

ఇప్పుడు మూడు షరతులు మళ్లీ చూడండి. విశ్రాంతి దినాన్ని పరిశుద్ధంగా పాటించమని పది ఆజ్ఞల్లో ఒకటి. దినం కూడా పరిశుద్ధపరచబడుతుంది! వెట్టివాడికి సెలవు అనే మాటే లేదు. నూర్పిళ్ల కాలంలో ఆదివారం పనికి రానని చెప్పిన మాదిగ, తన బతుకులో మొదటిసారి ఒక దినాన్ని నాది అన్నాడు. గొడ్డు మాంసం తిననన్నవాడు కూలిలో కుళ్లు భాగాన్ని తిరగగొట్టినాడు. దేవతకు మొక్కనన్నవాడు జాతరలో తప్పెట కొట్టడు, దున్నపోతు బలి దగ్గర తన వంతు పని చేయడు. మాదిగ లేకుండా జాతర జరగదు. ఊరికి దేవత కావాల, దేవతకు మాదిగ కావాల. ఆ మాదిగ ‘నేను పరిశుద్ధుణ్ని’ అన్నాడు.

కరణాలకు, మునసబులకు ఇది వేదాంతంగా కనపడలేదు, సమ్మెగా కనపడింది. వాళ్లే సరిగ్గా అర్థం చేసుకున్నారని నా అభిప్రాయం. నీళ్లు ఆపినారు. చాకలిని, అంగడివాణ్ని బంద్ చేసినారు. పనులు ఇయ్యలేదు, తప్పుడు కేసులు పెట్టినారు, కొట్టినారు. క్లౌ ఇంగ్లీషు అధికారుల దగ్గరికి తిరిగినాడు. ఆయన అడిగింది పెద్దది కాదు. ఆదివారం ఒక్క దినం వదలమనీ, మిగతా దినాల్లో క్రైస్తవులు తమ వంతు పని చేస్తారనీ చెప్పినాడు. వెట్టి పోవాలని అనలేదు. మిషనరీకి ఉన్న గిరి అది. మన మిత్రులు కొందరు మిషనరీల్ని విమోచకులుగా, కొందరు సామ్రాజ్యవాద ఏజెంట్లుగా రాస్తున్నారు. రెంటిలోనూ మాదిగ కనపడడు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించినాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేసినాడు, కూలి కోసం వచ్చినారనే మాట రాకూడదని. పని ముగిసినాక 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజు, మర్నాడు కలిపితే 3,536 మంది. బోధకులు ఇద్దరిద్దరు వంతులేసుకుని నీళ్లలో నిలబడినారు. ‘బియ్యం క్రైస్తవులు’ అనే ఎగతాళి ఇప్పటికీ చావలేదు. కరువుకు పదేళ్ల ముందు నుంచే ఊరూరా దెబ్బలు తింటూ వచ్చినోళ్ల గురించి ఆ ఎగతాళికి చెప్పడానికి ఏమీ లేదు. 1936లో గాంధీ కూడా హరిజనులకు సువార్త చెప్పడాన్ని ఆవుకు చెప్పడంతో పోల్చినాడు. చచ్చిన ఆవును ఇక ఈడ్వమని అరవై ఏళ్ల కిందటే చెప్పినోళ్ల గురించి ఆ మాట!

చర్మకారుని మిద్దె మీద

తినే తిండి విషయంలో ఇంకొక చిక్కు ఉంది. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో పేతురుకు ఒక దర్శనం వస్తుంది. ఆకాశం నుంచి దుప్పటి మాదిరి దిగుతుంది, దాన్నిండా యూదులు తినకూడని జంతువులు. తినమంటే పేతురు నిషిద్ధమైనది నేనెప్పుడూ తినలేదంటాడు. దేవుడు శుద్ధి చేసినదాన్ని నువ్వు నిషిద్ధం అనవద్దని జవాబు వస్తుంది. ఈ దర్శనం పేతురుకు ఎక్కడ వచ్చింది? యొప్పేలో సీమోను అనే చర్మకారుని మిద్దె మీద. తోళ్లు ఊనేవాని ఇల్లు! యూదుల్లో కూడా ఆ పని నీచంగా చూడబడేది. నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. దుప్పటి గురించి చెప్తారు, జంతువుల గురించి చెప్తారు, ఆ మిద్దె ఎవరిదో చెప్పే బోధకుణ్ని వినలేదు. మాదిగల సంఘాల్లోనే చెప్పరు.

చిక్కు ఏమంటే, తిండిలో మైల లేదని చెప్పే గ్రంథం పట్టుకుని వచ్చినోళ్లు మాదిగకు పెట్టిన షరతుల్లో ఒకటి తిండి గురించి. యూదేతరులకు ఎత్తేసిన కట్టు మాదిగకు మళ్లీ కట్టినారు. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాల? అంబేడ్కర్ 1927 మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం మానమని మహర్లకు చెప్పినాడు. మన దగ్గర భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమమూ అదే చెప్పింది. చేతలో మూడూ ఒకటే. కారణంలో తేడా ఉంది. అంబేడ్కర్ ఆత్మగౌరవం పేరు మీద మానమన్నాడు, మైల ఉందని ఎక్కడా ఒప్పుకోలేదు. 1948లో ‘అంటరానివారు’ పుస్తకంలో ఆ తిండి అంటరానితనంగా ఎట్లా మారిందో బౌద్ధ, బ్రాహ్మణ పోరాటంలో వెతికినాడు. మిషన్ బడి మాత్రం మాన్పించినాక ‘ఇంతకుముందు నువ్వు మురికివాడివి’ అని నేర్పింది. సబ్బు, దువ్వెన, ఉతికిన బట్ట, వీటితో పాటు సిగ్గు కూడా ఇచ్చింది.

ఇక్కడే ఆ మాట అర్థం చేయి దాటిపోయింది. వెట్టిని తిరగగొట్టడంగా మొదలైన పరిశుద్ధత రెండు మూడు తరాల్లో శుభ్రతగా, మర్యాదగా మారింది. తప్పెట వాయించను అనడం సమ్మె. తప్పెట అపవిత్రం అనడం వేరే సంగతి. మొదటిది ఊరితో మాట్లాడుతుంది, రెండోది మన తాతతో మాట్లాడుతుంది. టూర్నన్ నిషేధించింది అన్యుల పండగలో వాయించడాన్నే, వాద్యాన్ని కాదు. మన సంఘాలు వాద్యాన్నే బయటపెట్టి హార్మోనియం తెచ్చుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో పెంతెకొస్తు బోధ, భక్తసింగ్ సహవాసాలు వచ్చినాక తెల్లబట్టలు, నగలు తీసేయడం, సినిమా మానడం చేరినాయి. న్యాయంగా చెప్పాలంటే భక్తసింగ్ కూడికల్లో అన్ని కులాలూ నేల మీద కూచుని ఒక్క బంతిలో తిన్నాయి. అది చిన్న విషయం కాదు. పాత మిషన్లు నూరేళ్లలో ఆ పని అంత తేలిగ్గా చేయలేకపోయినాయి. ఒకే పల్లెలో మాలలు ఒక మిషన్‌కు పోతే మాదిగలు ఇంకో మిషన్‌కు పోయినారు. ఒంగోలు బాప్తిస్టులు ఎక్కువగా మాదిగలు, కడప సీమలో లండన్ మిషన్ వైపు ఎక్కువగా మాలలు. పెండ్లి సంబంధాల్లో పరిశుద్ధాత్మ ఇంతవరకు జోక్యం చేసుకున్నట్టు కనపడదు.

మళ్లీ మాదిగ కావడానికి శుద్ధి

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చినారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవారు, వాళ్ల సంతానం బి.సి. ‘సి’ గ్రూపు. ఉన్నది ఒక్క శాతం.

ఈ పేరా పరిశుద్ధత అనే మాటకు ఏం చేసిందో రెండు కేసులు చెప్తాయి. మొదటిది గుంటూరు మెడికల్ కాలేజి కేసు. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టిన మాదిగ విద్యార్థి ఒకరు 1973లో హిందువుగా మారినారు. ఆంధ్రప్రదేశ్ అరుంధతీయ సంఘం ఆయనకు ఒక పత్రం ఇచ్చింది. శుద్ధి కార్యక్రమం జరిగిందనీ, ఆయన్ని తిరిగి మాదిగ కులంలోకి స్వీకరించామనీ దాని సారాంశం. దాన్ని చూపించి ఎస్సీ సీటు అడిగినారు. 1976లో సుప్రీంకోర్టు, కులం వాళ్లు స్వీకరిస్తే ఆ మనిషి మళ్లీ ఆ కులం వాడవుతాడని చెప్పింది. ఆ విద్యార్థిని తప్పుపట్టే పని ఎవరికీ లేదు. చదువు కోసం మన ఇండ్లలో ఎవరు ఏ కాగితం రాయించుకోలేదు? నేను చూపించేది ఆ మాటను. ఎవరి నీడ పడితే ఊరు శుద్ధి చేసుకుంటుందో, వాడు ఆ అంటరాని కులంలోకి తిరిగి రావడానికి శుద్ధి! మైల నుంచి బయటపడటానికి తాత నీళ్లలో దిగినాడు. మైలలోకి తిరిగి రావడానికి మనవడికి శుద్ధి జరిగింది.

రెండోది 1985 నాటి సూసై కేసు. ఆయన మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఆది ద్రావిడ క్రైస్తవుడు. తోటి హిందూ చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా చిన్న బంకులు ఇచ్చింది, ఆయనకు ఇయ్యలేదు. మతం మారినాక కూడా అవే వెనుకబాట్లు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చేయలేదని సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. రోడ్డు మీద కూచుని చెప్పు కుడుతున్న మనిషి ఇంకేం రుజువు తేవాల? 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇయ్యాలని తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ చివరలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైనవాడు అట్రాసిటీ చట్టం వాడుకోలేడని తీర్పిచ్చింది. క్రైస్తవంలో కులం లేదనేది అందులోని తర్కం. వేదాంతంలో లేదు, నిజమే. కారంచేడులో 1985 జులై 17న గొడ్డళ్లు పట్టుకొచ్చినోళ్లు మాత్రం ఎవరు ఏ గుడికి పోతారో అడగలేదు.

మా ముత్తాత, అంటే మా అవ్వ వాళ్ల నాయన, బాప్తిస్మం తీసుకున్నది రాజ్యాంగం వచ్చిన ఏడాదికి కొంచెం ముందో వెనకో. అవ్వకు పదేళ్లు కూడా ఉండవు. ఒంగోలు మాదిరి వేలమంది కాదు, మా గేరిలో నాలుగు ఇండ్లు. ఆ ఏడు జాతరకు తమటె కొట్టనని చెప్పినాడంట. కళ్లంలో మేర ఆపినారు. రెండేళ్లు సిరా దిక్కు కూలికి పోయినారు, అక్కడ మా ముత్తవ్వ జరమొచ్చి చనిపోయింది. ‘ఆ రెండేండ్లు రాగులు కండ్లజూడలేదు’ అని అవ్వ చెప్పేది. చెప్పి, ‘అయినా మా నాయన ముట్టలేదు’ అనేది. ఎంత గర్వంగా చెప్పేదంటే, దానిలో తన తల్లి చావు కూడా ఉందని నాకు చాలా ఏండ్లు తట్టలేదు. ఆయన తమటెకు తోలు పీకేసినాడు గాని కట్టు పారేయలేదు. మా ఇంట్లో నీళ్లకడవ కింద కుదురుగా ఉండేది అదే. అది ఏమిటో నాకు ఇంటర్‌లో తెలిసింది.

ఇప్పుడు మా సంఘంలో పంచాయితీ ఒకటి నడుస్తోంది. క్రిస్మస్ ముందు రాత్రి ఊరేగింపుకు తమటెలు కొట్టాలని పిల్లోళ్లు అంటారు. వీళ్లలో దండోరా సభలకు పోయి వచ్చినోళ్లున్నారు, డిగ్రీ చదివినోళ్లున్నారు. కీర్తనల్లో తంబుర ఉంది, తాళాలు ఉన్నాయి, తమటె ఎందుకు పనికిరాదు అంటారు. పెద్దోళ్లు ససేమిరా అంటారు. వాళ్లలో మూఢులెవరూ లేరు. దాన్ని దించడానికి వాళ్ల నాయనలు ఏమి పోగొట్టుకున్నారో వాళ్లకు తెలుసు, పిల్లోళ్లకు తెలియదు. పోయిన డిసెంబరులో నేను ఊర్లో ఉన్నాను. రెండు దినాలు మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చినారు. ఊరేగింపు గేరి దాటి ఊర్లోకి పోయేటప్పుడు తమటెలు కొట్టొచ్చు. ఊరోళ్లకోసం కాదు, మనకోసం అని ఒక పెద్దాయన రెండుసార్లు చెప్పి రాయించినాడు. తిరిగొచ్చి గుడి మెట్ల దగ్గర ఆపేసినారు. తమటెలు బయట గోడకు ఆనించి లోపలికి పోయినారు. మంచు పడకుండా ఎవరో వాటి మీద గోనెపట్ట కప్పినారు.